బొమ్మకు తగిన కొలత

మా మిత్రుని కుమారు డొకడు కళాశాలలో చదువుకొనుచున్నాడు. కంప్యూటరు ఆట లనిన అతనికి ప్రాణము. పరులు తయారుచేసిన ఆటను ఆడుటతో తృప్తిపడక, తాను చేసిన బొమ్మనుగూడ అందులో నిలుపవలెనని అతని కోరిక. నేటి ఆటలలో అనేకము అట్టి కోరికకు తావిచ్చుచున్నవి. ఆతడు రెండు నెలలు రాత్రులు మేలుకొని, బ్లెండర్ అను సాధనముతో కంప్యూటరుపై రెండెడ్ల బండి నొకదానిని మలచెను. తాతగారి ఊరిలోని బండిని టేపుతో కొలిచి, కాడి, నొగలు, ఇరుసు, చక్రముల ఆకులు, ఒక్కొక్కదానిని ఆ లెక్క ప్రకారమే దిద్దెను. బండి పొడవు సరిగా 4 మీటర్లు.

ఆ బండిని ఆటలోనికి ఎక్కించిన సాయంకాలము మేము వారి యింటనే ఉంటిమి. తెరపై వీథి యున్నది, ఇండ్లున్నవి, వీథి నడుమ మనుష్యు డొకడు నిలిచియున్నాడు. బండి మాత్రము లేదు.

“ఫైలు ఎక్కింది, మామయ్యగారూ! తప్పేమీ చూపించడం లేదు. బండే కనబడటం లేదు,” అని ఆతడు వాపోయెను.

చాలసేపు వెదకిన పిమ్మట బండి దొరకెను. అది ఆ మనుష్యుని కాలియొద్ద, అగ్గిపెట్టెకంటె చిన్నదై పడియుండెను. దాని పొడవు 4 సెంటీమీటర్లు.

దీనిని మేము తొలుత నవ్వులాటగ దలచితిమి. పిదప ఆలోచింపగా, ఈ బండి వెనుక రెండువందల యేండ్ల చరిత్ర యున్నదని తోచెను. బొమ్మ యొకచోట పుట్టును. ఆట మరియొకచోట పుట్టును. ఒకరి నొక రెరుగని ఇద్దరి చేతిపని ఒక్క బల్లపై కలిసినపుడు, వారి కొలతలను కలుపు మాట యేది? ఈ ప్రశ్న కంప్యూటరుతో పుట్టినది కాదు. దానికి వివిధకాలములందు మానవులు చెప్పుకొన్న సమాధానములనే ఇచట ముచ్చటింపదలచితిమి.

ముందుగా బండి సంగతి చూతము. బండిలో లోపమేమియు లేదు. ఫైలులో 4 అను అంకె పదిలముగనే యున్నది. బండిని చేసిన సాధనము ఆ అంకెను మీటర్లుగ భావించెను. ఆట నడుపు యంత్రము అదే అంకెను సెంటీమీటర్లుగ చదివెను. నడుమనున్న ఫైలు మౌనము వహించెను. అంకె ప్రయాణము చేసెను గాని, దాని వెంట రావలసిన మాట వెనుకనే నిలిచిపోయెను.

ఇట్టి తికమక మన దేశమున ఒక తరమువారికి బాగుగ తెలియును. 1957 ఏప్రిల్ 1వ తేదీన దశాంశ నాణెములు వచ్చినపుడు పాత పైసా రూపాయిలో 64వ వంతు, క్రొత్త పైసా 100వ వంతు. రెండును పైసాలే. వానిని వేరుచేసినది ‘నయా’ అను రెండక్షరముల మాట. పాతలెక్క జనుల మనస్సులనుండి తొలగిన పిమ్మట, 1964లో, ఆ మాటనుగూడ తొలగించిరి. కొలమానము పేరు చెప్పుట అంకెకు అలంకారము గాదు. అది లేనిదే అంకెకు అర్థము లేదు.

ఇక ఆటల చరిత్రలోనికి పోవుదము. 1780లో జర్మనుల దేశమునందలి బ్రౌన్‌ష్వైగ్ సంస్థానమున హెల్విగ్ అను పండితుడు చదరంగమును విస్తరించి ఒక యుద్ధక్రీడను కల్పించెను. చదరంగమువలెనే అందును కదలికలు గడుల లెక్కన జరుగును. ప్రష్యాదేశపు రైస్విట్స్ అను అధికారి 1812లో తమ ప్రభువైన మూడవ ఫ్రెడరిక్ విలియమునకు ఒక క్రొత్త బల్లను సమర్పించెను. కొండలు, నదులు, గ్రామములు గల పలకలను మార్చి మార్చి అమర్చి, కోరిన రణభూమిని ఆ బల్లపై కల్పించుకొనవచ్చును. అతని కుమారుడు, ఫిరంగిదళమునందలి అధికారి, 1824లో ఆ ఆటకు నియమావళిని ప్రకటించి, పలకలకు బదులు 1:8000 స్కేలుగల పటములను వాడెను. అనగా పటముపై ఒక సెంటీమీటరు, నేలపై 80 మీటర్లు.

ఇచట ఒక చిక్కు వచ్చెను. ఆ స్కేలున మనుష్యుని బొమ్మను చేసినచో దాని యెత్తు మిల్లీమీటరులో ఐదవ వంతు మాత్రమే యుండును. దానిని చూచువా రెవరు, పట్టువా రెవరు? అందుచేత రైస్విట్స్ మనుష్యులను విడిచిపెట్టెను. ఒక దళము బారులుతీరి నిలిచినపుడు నేలపై ఎంత వెడల్పు నాక్రమించునో, అంత వెడల్పుగల చిన్న లోహపు దిమ్మెలను పటమునకు సరిపడునట్లు చేయించెను. ఆటకు వలయునది సైనికుని ముఖము గాదు, దళము యొక్క విస్తృతి. కావున ముఖమును వదలి విస్తృతిని నిలుపుకొనెను. ఈ ఆట ప్రష్యా సైన్యమున అధికారుల శిక్షణలో భాగమయ్యెను. ఆ శిక్షణకు విలువ యున్నదనిన, అది ఆ దిమ్మె పటముతో అబద్ధమాడకుండుటవలననే.

దీనికి విరుద్ధమైన మార్గమును ఇంగ్లండున హెచ్. జి. వెల్స్ త్రొక్కెను. ఆ నవలాకారుడు 1913లో ‘లిటిల్ వార్స్’ అను గ్రంథమున ఇంటినేలపై బొమ్మసిపాయిలతో ఆడు యుద్ధక్రీడకు నియమములను వ్రాసెను. లండనునందలి బ్రిటన్ కుటుంబమువారు 1893 మొదలు బోలుగ పోతపోసి అమ్ముచుండిన సీసపు సిపాయిలు అప్పటికి ఇంటింట నుండెను. వాని ప్రసిద్ధమైన యెత్తు 54 మిల్లీమీటర్లు. అనగా నిజమైన మనుష్యునిలో సుమారు 32వ వంతు. వెల్స్ నియమము ప్రకారము కాల్బలమువాడు ఒక వంతులో ఒక అడుగు, ఆశ్వికుడు రెండడుగులు కదలవచ్చును. బొమ్మ స్కేలున లెక్కించినచో ఒక అడుగు అనగా 32 అడుగులు. ఒక వంతులో 32 అడుగులు మాత్రమే నడచు సైన్యము లోకమున లేదు! బొమ్మకు ఒక స్కేలు, నేలకు మరియొక స్కేలు. వెల్స్ దీనిని దాచలేదు. ఆట సుఖముగ సాగుటకై రెండు స్కేళ్లను ప్రక్కప్రక్కన ఉండనిచ్చెను. ఆడువా రిరువురును అంగీకరించిరి గనుక ఆట చెల్లెను.

అంగీకారము తెలిసి చేసినదైన చెల్లును. తెలియక చేసినదైన చిరకాలము వెంటాడును. దీనికి బొమ్మ రైళ్ల చరిత్ర నిదర్శనము. జర్మనీలో మ్యార్క్‌లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ సంతయందు తమ బొమ్మ రైళ్లను పట్టాల వెడల్పు ననుసరించి తరగతులుగ ప్రదర్శించెను. నాటినుండి ఒకచోట కొన్న ఇంజనునకు మరియొకచోట కొన్న పెట్టె తగిలించు వీలు కలిగెను. అది పెద్ద మేలు. పిదప యూరపుఖండమున 16.5 మిల్లీమీటర్ల పట్టాపై నడచు చిన్న రైళ్లు ప్రచారములోనికి వచ్చెను. అచట నిజమైన ఒక అడుగునకు బొమ్మలో 3.5 మిల్లీమీటర్లు, అనగా 1:87. ఈ లెక్కకు పట్టా సరిపోయెను.

బ్రిటిష్ ఇంజనులు యూరపు ఇంజనులకంటె సన్నని ఒడ్డుగలవి. వానిని 1:87 స్కేలున చేసినచో నాటి విద్యుత్ మోటారు లోపల పట్టదయ్యెను. అందుచేత బ్రిటిష్ వారు ఇంజనును మాత్రము కొంచెము పెంచి అడుగునకు 4 మిల్లీమీటర్లు చేసి, పట్టాను 16.5 మిల్లీమీటర్లుగనే ఉంచిరి. 1938లో వచ్చిన హార్న్‌బీ డబ్లో రైళ్లు ఈ పద్ధతివే. 4 మిల్లీమీటర్ల లెక్కన 4 అడుగుల 8½ అంగుళముల పట్టా 18.83 మిల్లీమీటర్లు ఉండవలెను. ఉన్నది 16.5. నిజపు కొలతలోనికి మార్చినచో 4 అడుగుల 1½ అంగుళము, ఏడంగుళములు తక్కువ. ముందునుండి చూచినపుడు పెద్దదేహముగల మనుష్యుడు కాళ్లు దగ్గరగ పెట్టి నిలిచినట్లుండును. 1960 దశకమున కొందరు నిష్ఠాపరులు 18.83 మిల్లీమీటర్ల పట్టాను వేసి దీనిని దిద్దబూనిరి. కాని అప్పటికి వేలకొలది యిండ్లలో పాత పట్టాలు పరచబడియుండెను. నేటికిని బ్రిటనులో విరివిగ నడచునవి ఆ యిరుకుపట్టా రైళ్లే. ఒకనాడు మోటారు పట్టక చేసిన సర్దుబాటు శాశ్వత ధర్మమయ్యెను.

ఇంతవరకు చెప్పినది వినోదము. ఇక స్కేలు తప్పిన ప్రాణము పోవు సందర్భ మొకటి చెప్పవలెను. 1942 జనవరిలో అమెరికా నౌకాదళము ఆ దేశపు పాఠశాలల బాలబాలికలను 5,00,000 విమాన నమూనాలు చేసియిమ్మని కోరెను. ఆకాశమున కనబడు విమానము తమదియో శత్రువుదియో క్షణములో గుర్తించుట సైనికులకు నేర్పవలెను. లోపము జరిగినచో తమ విమానమునే తాము కూల్చుకొందురు. పిల్లలకు పటములు, అచ్చులు పంపిరి. కొయ్యతో చెక్కి, నల్లరంగు పూసి, పాఠశాలలు వానిని అందజేసెను. స్కేలు మాత్రము అందరకు నొక్కటే: 1:72.

ఆ స్కేలున చేసిన నమూనాను 35 అడుగుల దూరమునుండి చూచినచో, నిజమైన విమానమును 2,520 అడుగుల దూరమునుండి చూచినట్లుండును. అనగా అరమైలుకు కొంచెము తక్కువ. దానినిబట్టి శిష్యుడు ఆకారమునే గాక దూరమునుగూడ కంటితో అంచనా వేయుట నేర్చును. ఒక బాలుడు ఉత్సాహముకొలది 1:50 స్కేలున అందమైన విమానమును చెక్కెననుకొందము. అదే 35 అడుగుల నుండి చూచిన శిష్యుని కన్ను 1,750 అడుగుల పాఠమును నేర్చుకొనును. చెక్కడపు పని యెంత నిపుణమైనదైనను ఆ నమూనా తరగతిగదిలో అబద్ధము చెప్పును. ఎక్కడనో ఒక పల్లెలోని బాలుడు, ఎక్కడనో ఓడపై నిలిచిన గురికాడు. ఒకరి నొకరు చూడని ఆ యిద్దరిని కలిపినది 72 అను ఒక్క మాట. మా మిత్రుని కుమారుని బండి కథ దీని తమ్మునివంటిదే.

కంప్యూటరు ఆటలకు వత్తము. 1993లో ‘డూమ్’, 1996లో ‘క్వేక్’ అను ఆటలు వెలువడినపుడు, అభిమానులు తమ స్వంత కట్టడములను, బొమ్మలను వానిలో చేర్చుట మొదలుపెట్టిరి. ఆ ఆటల లోపల అడుగు లేదు, మీటరు లేదు. ‘యూనిట్’ అను పేరుగల అంకె మాత్రమే యున్నది. గోడలపై అతికించు చిత్రములు 64, 128 వంటి కొలతలతో ఉండుటచే, కట్టడములనుగూడ ఆ లెక్కకు కుదురునట్లు కట్టుట సులభముగ నుండెను. యూనిట్ అనగా నిజలోకమున ఎంత? ఆటను నిర్మించిన నలుగురు ఒక గదిలో కూర్చున్నంతవరకు ఆ ప్రశ్నకు అవసరము తక్కువ. ఆట లోకమునకు తెరువబడిన పిమ్మట అదియే మొదటి ప్రశ్న యయ్యెను.

2004లో వచ్చిన ‘హాఫ్-లైఫ్ 2’ నడుమ ఈ ప్రశ్నకు రెండు సమాధానములున్నవి. కట్టడములు నిర్మించువారికి 16 యూనిట్లు ఒక అడుగు. మనుష్యుల బొమ్మలు చేయువారికి 12 యూనిట్లు ఒక అడుగు. ఆడువాని ఎత్తు 72 యూనిట్లు. బొమ్మల లెక్కన ఆతడు ఆరడుగుల మనుష్యుడు. కట్టడముల లెక్కన నాలుగున్నర అడుగుల బాలుడు! క్రొత్తగ ఒక బల్లను చేసి ఆ ఆటలోనికి తెచ్చువాడు ఏమి చేయవలెను? ముప్పదంగుళముల బల్ల ఒక లెక్కన 30 యూనిట్లు, మరియొక లెక్కన 40. బల్ల గోడకు చుట్టమా, మనుష్యునికి చుట్టమా? బ్రిటిష్ బొమ్మరైలు ఇంజనును, దాని పట్టాను ఇచట మరల చూచుచున్నాము. 2011లో సంపూర్ణముగ వెలువడిన ‘మైన్‌క్రాఫ్ట్’ ఈ చిక్కును మొదలంట తీసివేసెను. అందు లోకమంతయు ఘనములతో కట్టబడినది. ఒక ఘనము ఒక మీటరు. తలుపు రెండు ఘనముల యెత్తు. ఏడేండ్ల పిల్లవాడుగూడ అందు స్కేలు తప్పడు, ఏలయన లోకమే కొలబద్ద.

తక్కిన చోట్ల కొలబద్ద పలువిధములుగ నున్నది. యూనిటీ అను ఆట యంత్రమున ఒక యూనిట్ ఒక మీటరు. అన్‌రియల్ అను యంత్రమున ఒక సెంటీమీటరు. ఇక బొమ్మను మోయు ఫైళ్ల విషయము. ఓ.బి.జె. అను పాతపద్ధతి ఫైలులో కొలమానము వ్రాయు నియమమే లేదు. మన బండి ప్రయాణము చేసినది దానిలోనే. ఎఫ్.బి.ఎక్స్. అను పద్ధతి సెంటీమీటరును మూలముగ గైకొనును, కొలమానమును ఫైలులోనే తెలుపు ఏర్పాటుగూడ అందున్నది. కాని వ్రాయు సాధనము, చదువు యంత్రము ఆ ఏర్పాటును ఒకేవిధముగ గౌరవింపనిచో నూరురెట్ల తేడా వచ్చును. నూరు అను ఈ అంకె కనబడినపుడెల్ల, మీటరును సెంటీమీటరును ఒకరి పీట నొకరు ఎక్కినవని గ్రహింపవచ్చును. 2.54 రెట్ల తేడా యైనచో అంగుళమును అనుమానింపవలెను. 2017లో వెలువడిన జి.ఎల్.టి.ఎఫ్. రెండవ రూపము ఈ సందేహమును నియమములోనే తీర్చెను: పొడవు లన్నియు మీటర్లలోనే. 2022లో అది అంతర్జాతీయ ప్రమాణముగ స్వీకరింపబడెను. పిల్లల విమానములకు 72 అని ఒక్కమాట చెప్పిన 1942 నాటి వివేకము, కంప్యూటరు బొమ్మలకు అంతకాలము పట్టెను.

చిన్నదైన బొమ్మను పెద్దది చేసికొనిన సరిపోదా యని శ్రోతలు అడుగవచ్చును. మా మిత్రుని కుమారుడును అట్లే అనుకొనెను. ఆట లోపలనే బండిని నూరురెట్లు పెంచెను. బండి చక్కగ వీథిలో నిలిచెను. అందరము సంతోషించితిమి. పిదప ఆతడు సరియైన కొలతతో సిద్ధముగ నున్న లాంతరు నొకదానిని తెచ్చి బండి నొగకు తగిలించెను. వెంటనే తెర చీకటి యయ్యెను. తగిలించిన వస్తువు తనను మోయు వస్తువు యొక్క రెట్టింపును గూడ వారసత్వముగ పొందును. ముప్పది సెంటీమీటర్ల లాంతరు ముప్పది మీటర్ల గాలిగోపురమై ఆడువాని ముందు నిలిచియుండెను! పైకి బండి సరిగనే యున్నను, దాని లోపల నూరు అను రహస్యపు అంకె దాగియున్నది. తప్పును పుట్టినచోటనే దిద్దవలెను. తరువాత వేసిన రెట్టింపు ఆ తప్పును దాచును గాని తీర్చదు.

అంతకంటె గూఢమైనది చలనము. బొమ్మ ఆకారము స్కేలుతోపాటు పెరుగును. కాలము అట్లు పెరుగదు. ఈ రహస్యమును నౌకల విషయమున స్పష్టముగ తేల్చినవాడు విలియం ఫ్రూడ్ అను ఆంగ్లేయ ఇంజనీరు. 1870 దశకమున టార్‌క్వే పట్టణమున పొడవైన నీటితొట్టి కట్టించి, మైనపు ఓడలను అందులో లాగించి ఆతడు పరీక్షలు జరిపెను. ఓడ పొడవులో 25వ వంతుగల నమూనాను, ఓడ వేగములో 25వ వంతున గాక 5వ వంతున లాగవలెను. అపుడే అలలు పోల్కి తప్పకుండ లేచును. 25కు వర్గమూలము 5 గదా. ఆటలోను ఇదే సూత్రము. రెండు మీటర్ల యెత్తునుండి జారిన వస్తువు సుమారు 0.64 సెకనులో నేలను తాకును. అదే దృశ్యము పొరబాటున నూరురెట్లు పెద్దదైనచో ఆ పతనమునకు 6.4 సెకనులు పట్టును. తెరపై రెండును ఒకే పరిమాణమున కనబడవచ్చును. కాని రెండవదానిలో కుండ జారినను, బంతి యెగిరినను, నీటిలో మునిగినట్లు మెల్లగ కదలును. చూచువాడు కారణము చెప్పలేకపోయినను ఏదో అసహజముగ నున్నదని గుర్తించును. సినిమావారు చిన్న నమూనాల చలనమును అధికవేగముతో చిత్రించి నెమ్మదిగ చూపుట ఈ లెక్కను బట్టియే. 1957 నాటి ‘మాయాబజార్’ చిత్రమునకై ద్వారకానగరమును చిన్న నమూనాగ నిర్మించిరి. దానిని చిత్రించిన మార్కస్ బార్ట్‌లే గారి కౌశలమును మెచ్చుకొను మనము, నిశ్చలమైన మేడలకంటె కదలు నీటిని, పొగను చిన్నస్కేలున నమ్మించుట ఎంత కష్టమో గూడ తెలిసికొనవలెను.

ఇంత చెప్పిన పిమ్మట దీనికొక మినహాయింపునుగూడ చెప్పుట న్యాయము. కొలతకు సరిపోయినంతమాత్రమున కంటికి సరిపోవలెనను నియమము లేదు. ఆటలో మనము ఒక చిన్నకిటికీగుండ లోకమును చూచుచున్నాము. ఆడువాని వీపు వెనుకనుండి చూపు ఆటలలో, చూపునకుగూడ వెనుక కొంత చోటు వలయును. నిజమైన కొలతలతో కట్టిన గది అచట ఇరుకుగ తోచును. తలుపు తలకు తగులునట్లుండును. అందుచేత గదులను, ద్వారములను కొంత పెంచుట వాడుక. మా రేడియో నాటకములలోను ఇట్టిదే కలదు. కప్పులో కాఫీ పోయు సవ్వడిని మైకు ప్రక్కనే తీసినచో జలపాతమువలె వినబడును. నిజమైన దూరమున తీసినచో వినబడనే వినబడదు. చెవికి కాఫీగ తోచు దూరము వేరుగ నున్నది. అయితే ఆ దూరమును నిర్ణయించుటకు ముందు, నిజమైన దూర మెంతయో మాకు తెలిసియుండవలెను. కొలత తెలిసి పెంచుట కళ. తెలియక పెరుగుట పొరబాటు. వెల్స్ నేలకును, మన బండి లాంతరునకును గల భేద మిదియే.

ఇవన్నియు మనకేమి యని త్రోసివేయదగినవి గావు. హైదరాబాదు నగరమున ఆటలకు బొమ్మలు చేయు సంస్థలు నేడు కలవు. అచట మన యువకులు మలచిన వృక్షము, రథము, మనుష్యుడు వేరొక దేశమున కూర్చబడు ఆటలో నిలుచును. చేసినవాడు వేరు, వాడువాడు వేరు. అట్టిచోట నెలలపాటు పడిన శ్రమ యంతయు కొలమానమను సన్నని దారముపై వ్రేలాడుచుండును. సంస్థలో నైన దిద్దుటకు పైయధికారి యుండును. ఇంట కూర్చుండి ఒంటరిగ చేయువానికి ఎవ రున్నారు? బొమ్మ అగ్గిపెట్టెయంత యైన రాత్రి, తనకు ఈ విద్య రాదని నిరాశపడి విరమించు పిల్ల లెందరో యుందురు. వారి నేర్పు తక్కువ గాదు. వారికి ఎవరును చెప్పనిది ఒక్కమాట.

ఆ మాటను ఆచరణలో పెట్టుట కష్టము గాదు. పని మొదలుపెట్టునపుడే, బొమ్మ చేయు సాధనమున 1.8 మీటర్ల మనుష్యు నొకనిని, ఒక మీటరు ఘనము నొకదానిని ప్రక్కన నిలుపవలెను. బొమ్మ పూర్తియైన పిమ్మట, పనిలో పేరుకొన్న హెచ్చుతగ్గుల రెట్టింపులను అచటనే బొమ్మలో కలిపివేసి, రెట్టింపు ఒకటియే మిగులునట్లు చేయవలెను. ఫైలుగ మార్చునపుడు కొలమాన మేదో, పైదిక్కు ఏదో చూచుకొనవలెను. కొన్ని సాధనములకు మూడవ అక్షము పైదిక్కు, కొన్నిటికి రెండవది, కావున బండి కొన్నిసార్లు ప్రక్కకు పడుకొనికూడ వచ్చును. రెండు నెలల పనిని పంపకముందు ఆ ఒక మీటరు ఘనమునే మొదట ఆటలోనికి పంపి, అచటి మనుష్యుని ప్రక్కన నిలిపి చూడవలెను. ఘనము సరిగ నిలిచినచో తక్కినవన్నియు నిలుచును. తుదకు, ఫైలు పేరులోనో దాని వెంట నుంచు కాగితములోనో, మీటర్లని తెలుగుననో ఇంగ్లీషుననో ఒక్కమాట వ్రాయవలెను.

మా మిత్రుని కుమారుడు మరుసటి ఆదివారము అట్లే చేసెను. లోపలి నూరును తీసివేసి, బండిని చేసినచోటనే ఆట యొక్క లెక్కకు మార్చి, మరల పంపెను. ఈ మారు బండి వచ్చి వీథిలో ఆ మనుష్యుని ప్రక్కన నిలిచెను. కాడి అతని నడుమునకు సరిపడ నుండెను. లాంతరును నొగకు తగిలించగా అది లాంతరుగనే వెలిగెను. తాతగారిని పిలిచి చూపిరి. పెద్దాయన కండ్లద్దములు సవరించుకొని కొంతసేపు చూచి, “మన బండే. ఎడమ చక్రం పక్కన నేను కూర్చునే చోటు కూడా సరిపోయిందిరా,” అనెను.

తాతగారికి మీటర్ల లెక్కతో పని లేదు. వారు తమ దేహముతోనే ఆ బండిని కొలిచిరి. ఇన్ని దేశముల, ఇన్ని తరముల లెక్కలు తుదకు చేరవలసినది అచటికే. బొమ్మ ప్రక్కన మనుష్యుడు నిలిచి, ఇది నాకు తగియున్నదని అనుకొనవలెను.